బొగ్గు సెగ మీద కాఫీ గింజ

గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు కాఫీ పొడి అమ్మాను. ఊరు పెరిగిందో తరిగిందో నాకు నా తక్కెడే చెప్పేది. తొంభై ఎనిమిదిలో వారానికి అరవై కిలోలు తూచాను. రెండువేల ఐదులో యాభై. తెలంగాణ కోసం గనులన్నీ ఆగిపోయిన సమ్మె ఏడాది ఇరవై ఎనిమిది. రెండువేల పదమూడు దసరా నాటికి పదకొండు. ఆ పదకొండులో ఆరు కిలోలు చౌరస్తాలోని సదానందం హోటలుకే పోయేవి.

ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే నా దగ్గర నాలుగు కారణాలు ఉండేవి. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి మనుషులు పలచబడ్డారు. కాఫీ అలవాటున్న కోస్తా ఆఫీసర్లు బదిలీలు చేయించుకుని వెళ్లిపోయారు. వేడిపాలలో కలిపితే కరిగిపోయే పొడి రూపాయి ప్యాకెట్లలో వచ్చింది. నాలుగోది, నేను తణుకు వైపునుంచి వచ్చినవాణ్ణి, రోజులు అలాంటివి. ఈ నాలుగింటికీ తలా కొంత పంచితే నలభై తొమ్మిది కిలోల తరుగు చక్కగా సరిపోయేది. లెక్క సరిపోయింది కాబట్టి అదే నిజమనుకున్నాను.

రెండువేల పద్నాలుగు జనవరిలో, సంతకు పోతూ సదానందం తనే కొట్టుకు వచ్చాడు. ఎప్పుడూ మనిషిని పంపేవాడు, తను వచ్చాడంటేనే నాకు సగం అర్థమైంది.

"వీర్రాజు సేటూ, కోపానికి రావద్దు. నీ కాఫీ సగం తాగి సగం గ్లాసులనే ఇడిసిపెట్టి పోతాన్రు" అన్నాడు.

"పాలు పలచబడ్డాయేమో చూసుకో."

"పాలు మా బర్రెయి. పాపం, దాని మీద ఎయ్యకు."

"డికాక్షన్ మరిగిస్తున్నారా? మరిగిస్తే చేదెక్కుతుంది. ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు చెప్పినట్లే చేస్తాన. పదిహేనేండ్ల సంది చేస్తాన. చేసెటోడు మారలే, గిన్నె మారలే. నీ పొడే మారింది."

"రవ్వంత కూడా మారలేదయ్యా. అదే గింజ, అదే పాళ్లు. నూటికి డెబ్బై గింజ, ముప్పై చికోరీ."

సదానందం నా గల్లా మీద చేతులు పెట్టుకుని కాసేపు రోడ్డుకేసి చూశాడు. "సమ్మక్క జాతర దాక చూస్త సేటు. ఎన్కట ఉన్న రుచి తెస్తివా, ఆరు కిలోలు కాదు, పది తీస్క. లేదంటే మిషిన్ పెట్టుకుంట. ఒక బటన్ ఒత్తితే చాయ్, ఇంకో బటన్ ఒత్తితే కాఫీ."

"అది కాఫీయేనా?"

"కాదు. కాదని అందరికి ఎరుకే, ఎవ్వడు అడగడు. నీది కాఫీ అని చెప్పి పోస్తాన గదా, గందుకే అడుగుతాన్రు."

అతను వెళ్లాక తక్కెడ మీద ఉత్త పళ్లెం పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఆరు కిలోలు పోతే మిగిలేది ఐదు. ఐదు కిలోల కోసం గింజలు తెప్పించడం, వేయించడం, మర తిప్పడం దండగ. జాతర ఫిబ్రవరిలో. అరవై ఒకటో ఏట నాకు వచ్చిన పని ఇదొక్కటే. రుచి తేలేకపోతే తలుపు మూయాలి.

నేను ఈ ఊరికి వచ్చింది ఎనభై నాలుగులో. భార్య చంద్రమతి, మామగారు ఇచ్చిన, గింజలు వేయించే చేతి డ్రమ్ము, ఒక మర, మూడు బస్తాల గింజలు. అప్పుడిక్కడ కాఫీ దొరికేది ఆఫీసర్ల బంగళాల్లోనే. గని కార్మికులకు చాయే ప్రాణం. కాఫీ అంటే పడిశం పట్టినవాడు తాగే మందు. మొదటి ఆరు నెలలు నా కొట్టు ముందు ఆగి, వాసన పీల్చి, "ఏందిది, ఏదో మాడుతాంది" అని వెళ్లిపోయేవారు.

కాఫీని వాళ్ల ఇళ్లలోకి తీసుకెళ్లింది పెళ్లిచూపులు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకు చాయ్ ఇస్తే మామూలు ఇల్లు, కాఫీ ఇస్తే పైమెట్టు ఇల్లు అనే మాట ఎలా పుట్టిందో పుట్టింది. వంద గ్రాముల పొట్లాలు అలా కదిలాయి. తర్వాత స్టీలు ఫిల్టర్లు కదిలాయి. ఆ తర్వాత మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు కొట్టు ముందు నిలబడి చిన్న గ్లాసులో తాగి పోవడం మొదలుపెట్టారు. ఏడింటికి గనిలోకి దిగాలి. ఆరింటికి నా దగ్గర ముప్పై మంది ఉండేవారు. పైన చిక్కటి డికాక్షన్ గోధుమరంగు గీతలా దిగుతుంటే గ్లాసు వంచకుండా చూసేవారు. మాట్లాడేవారు కాదు. దిగేముందు వెలుతురులో తీసుకునే ఆఖరి రుచి అది. నాకు తెలిసి ఈ ఊళ్లో కాఫీని ఇష్టపడి తాగినవాళ్లు వాళ్లే. బంగళాలవాళ్లు అలవాటుకొద్దీ తాగేవారు.

డ్రమ్ము కింద పొయ్యి బొగ్గుది. బొగ్గు ఊళ్లో మరొకటి ఎవరు కాలుస్తారు? పచ్చిబొగ్గు అంటించాక ముప్పావుగంట పసుపురంగు పొగ కక్కుతుంది. అది పూర్తిగా ఆరి, ఎర్రటి నిప్పు మిగిలాకే గింజలు ఎక్కించాలని మామగారు చెప్పారు. నాకంత వ్యవధి ఎక్కడిది? ఆరింటికల్లా తాజా పొడి ఉండాలి. పావుగంట ముందే డ్రమ్ము ఎక్కించేవాణ్ణి. మామగారు చూస్తే తిట్టేవారు. ఆయన ఎప్పుడూ ఇటు రాలేదు.

ఆ బొగ్గు ఎల్లేశం ఇచ్చేవాడు. మా బజారు వెనకాల పాత గనిలో సర్దార్‌గా చేసేవాడు. అంటే తన షిఫ్టులో మనుషులు పనిచేసే జాగా భద్రంగా ఉందా లేదా చూసే మనిషి. కంపెనీ ఇంటికిచ్చే వంటబొగ్గులో మిగిలింది నాకు పంపేవాడు, నేను వారానికి పావుకిలో పొడి పంపేవాణ్ణి. రెండువేల ఆరులో ఆ గని మూసేశారు. ఎల్లేశం ఇంటి పట్టున కూర్చున్నాడు. ఇళ్లకు బొగ్గు పోయి గ్యాసు వచ్చింది. నేను కూడా గ్యాసు మీద తిరిగే కొత్త డ్రమ్ము కొన్నాను. పొగ లేదు, మసి లేదు, గింజ అంతటా ఒకే రంగు. మామగారు చెప్పిన పద్ధతికి ఇరవై రెండేళ్ల తర్వాత చేరుకున్నానని సంతోషపడ్డాను.

మరుసటి ఏడాదే విశాఖపట్నం నుంచి సుహాసిని గారి ఉత్తరం వచ్చింది. భర్త ఇక్కడ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక అక్కడికి వెళ్లారు. నెలకు రెండు కిలోలు పార్శిల్ చేసేవాణ్ణి. "పొడి మార్చారా వీర్రాజు గారూ? ఇందులో ఖని లేదు" అని రాశారు. సముద్రం ఒడ్డున ఆవిడ నాలుక మారిందనుకుని పీబెర్రీ అనే గుండ్రటి మేలురకం గింజ కాస్త పెంచి పంపాను. ఆ తర్వాత ఆర్డరు రాలేదు. దాన్ని బదిలీల కింద రాసుకున్నాను.

సదానందం వచ్చి వెళ్లినరోజు ఎల్లేశం ఎప్పట్లాగే కొట్టు ముందు బల్ల మీద ఉన్నాడు. రిటైరయ్యాక రోజూ పొద్దున అక్కడే కూర్చుని ఒక గ్లాసు తాగి, దగ్గి, పోతాడు. మా మాటలన్నీ విన్నాడు.

"వాడు అన్నది నిజమే సేటు" అన్నాడు.

"నువ్వు కూడానా?"

"ఎనిమిదేండ్లు అయితాంది, నీ కాఫీల పొగ లేదు."

నవ్వొచ్చింది. "పొగ వాసనొస్తే కాఫీ ఎవడు తాగుతాడయ్యా?"

"ఎవడేంది, మేం తాగలేదా? గంత మందిమి గదే తాగినం. నీ గింజ చేదు, చికోరీ తీపి. మధ్యల పొగ ఉండె. నాలుక మీద కాదు, ముక్కు ఎనుకకు వచ్చేది. పాత బాయిల మూడో పొర బొగ్గు గది. గదొక్కటే గట్ల కాలుతది."

బాయి అంటే వాళ్లకు గని. ఎల్లేశం ముక్కు సంగతి ఊరందరికీ తెలుసు. గని లోపల బొగ్గు తనంతట తాను వేడెక్కి రాజుకుంటుంది. పొగ కనబడేదానికి రెండు రోజుల ముందు చెమట పట్టిన బట్టల్లాంటి వాసన వస్తుంది. అది పసిగట్టగలిగినవాళ్లు వందకు ఒక్కరు. ఒకసారి ఎల్లేశం చెప్పాడని ఒక దారి మొత్తం గోడ కట్టి మూశారు. మూడో రోజు ఆ గోడ చెయ్యి పెట్టలేనంత కాలింది. అలాంటి ముక్కు నా కొట్టు ముందు ఎనిమిదేళ్లు కూర్చుంది.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. పొగ లేకుంట మంచిగ వేగుతాందని నువ్వే వచ్చినోళ్లకందరికి చెప్తివి. నేనేమనాలె?"

ఆ పూట మళ్లీ లెక్క వేసుకున్నాను. గని మూతపడింది రెండువేల ఆరు. పొడి దబ్బున పడిపోవడం మొదలైంది రెండువేల ఆరు. నా నాలుగు కారణాలూ నిజమే, కానీ వాటన్నిటికీ కలిపి ఓ ఇరవై కిలోలు పోయి ఉండొచ్చు. మిగతాది పొగ. గింజ ఎంచడంలో, పాళ్లు కలపడంలో నాకు పనితనం ఉందని ముప్పై ఏళ్లు నమ్మాను. జనం కొన్నది మామగారు వద్దన్న ఆ పావుగంటని.

రోగం తెలిసింది కాబట్టి మందు దొరుకుతుందనుకున్నాను. వెనక రేకుల షెడ్డులోంచి చేతి డ్రమ్ము తీయించి తుప్పు గీకించాను. కమాన్‌పూర్ వైపు పైనుంచి తవ్వి తీసే ఓపెన్‌కాస్టు బొగ్గు ఒక బస్తా తెప్పించాను. గోలేటిలో ఉన్న ఎల్లేశం తోడల్లుడు ఆగయ్య బస్సులో సంచెడు పంపాడు. బసంత్‌నగర్‌లో లారీలవాళ్లను బతిమాలి మరో రెండు రకాలు తెచ్చాను. ఎల్లేశం పొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని, పొగ రాగానే కళ్లు మూసుకునేవాడు.

"ఇదేంటి?"

"మట్టి. పైపొర అంత మట్టే."

"ఇది?"

"గోలేటిది గదా, కుళ్లిన గుడ్డు తీరు కొడతాంది. ఆగయ్యకు చెప్పకు, అలుగుతడు."

ఏడు రకాలు వేయించాను. రెండింటిని ధైర్యం చేసి సదానందానికి పంపాను. రెండోది తాగి, "సేటుకు ఏమన్న పానం బాగలేదా?" అని మనిషితో అడిగించాడట.

మూడో వారం నా ఓపిక అయిపోయింది. "ఆ పాత గని బొగ్గే కావాలంటే ఎక్కడుందో చెప్పు, నేను కొనుక్కొస్తాను" అన్నాను.

"ఎక్కడుంటది? బాయిలనే ఉన్నది" అన్నాడు ఎల్లేశం. నవ్వబోయి దగ్గాడు. "నిండ నీళ్లున్నయి. ఎన్నడన్న ఓపెన్‌కాస్టు గాడి దాక వస్తే తీస్తరు. అప్పటికి నువ్వుండవు, నేనుండ." కండువాతో నోరు తుడుచుకున్నాడు. "ఇంట్ల ఒక్క పెళ్ల ఉన్నది. కానీ సారవ్వ ఇయ్యది."

సారవ్వ అతని భార్య. ఇద్దరం కలిసి వాళ్లింటికి వెళ్లాం. దేవుడి పటాల పక్కన గూట్లో, కొబ్బరికాయంత బొగ్గు పెళ్ల. గని మూసిన రోజు ఆఖరి షిఫ్టులో ఎల్లేశం సంచిలో పెట్టుకుని తెచ్చింది. ఏటా దసరాకు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, సాంబ్రాణి వేస్తారట. పసుపు పగుళ్లలో గట్టిపడి ఉంది.

మేం అడిగింది విని సారవ్వ చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఏంది సేటు, ఊరంత తిరిగి మా దేవుని మీద పడ్డరా ఇద్దరు?"

"ఒక్కసారికే సారవ్వా. రుచి వచ్చిందంటే కొట్టు నిలబడుతుంది."

"ఒక్క పెళ్లతోని ఎన్నొద్దులు నిలవడతది?"

ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది. వేసుకోలేదు. రుచి ఇదీ అని ఒకసారి నాలుకకు తెలిస్తే, దానికి దగ్గరగా ఇంకోటి ఏదైనా కుదుర్చుకోవచ్చని నా ఆలోచన. అది చెప్పాను.

ఆమె నా మాట వినడం లేదు, మొగుణ్ణి చూస్తోంది. "ముప్పయి రెండేండ్లు బాయిల చేసిండు. ఇంటికి తెచ్చింది గిదొక్కటి. మిగిలిందంత దగ్గే."

"ఇయ్యవే" అన్నాడు ఎల్లేశం మెల్లగా. "ఒక్కసారి తాగాలని ఉన్నది."

సారవ్వ లేచి, పెళ్లను రెండు చేతులతో తీసి నా సంచిలో పెట్టింది. "నేను కాఫీ తాగంగ ఎన్నడన్న చూసినవా సేటు?" అంది.

చూడలేదు. ఇరవై ఏళ్లు వారం వారం పావుకిలో వాళ్లింటికి పంపాను, ఎవరు తాగుతున్నారో అడగలేదు.

"ఈయన నీ కాడ తాగుతడు. ఇంట్లది నేను వాడకట్టుకంత పంచేది. సంబంధాలు చూడొచ్చినోళ్లకు తలా చెంచెడు. నాకు గా చేదు పడదు. పో, కాలవెట్టుకో. కానీ బూడిద నాకు తెచ్చియ్యాలె. పిసరు కూడ పారబొయ్యద్దు."

కొట్టుకు వచ్చి తూచాను. కిలో ఎనిమిది వందల యాభై గ్రాములు. కిలో గింజలకు సరిపోతుంది, అంతే.

జాతర ముందు సోమవారం తెల్లవారుజామున పొయ్యి అంటించాను. ఎండుపుల్లల మీద పెళ్లను నాలుగు ముక్కలు చేసి పేర్చాను. చంద్రమతి పీట మీద కూర్చుని డ్రమ్ము పిడి పట్టుకుంది.

"మళ్లీ ఈ పొగేంటండీ? గోడలు ఇప్పుడిప్పుడే తెల్లబడ్డాయి" అంది.

"నీకేమైనా తేడా తెలిసేదా? అప్పటి కాఫీకీ, ఇప్పటి కాఫీకీ?"

"నాకు అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. పొద్దస్తమానం పొగలోనే కదా ఉన్నాం. మనకేం తెలుస్తుంది?"

నాకు కూడా తెలిసేది కాదని ఆ క్షణం దాకా నాకు నేనే ఒప్పుకోలేదు.

పసుపు పొగ పలచబడుతుండగా, ఆరకముందే, గింజలు ఎక్కించాను. చంద్రమతి తిప్పింది. మొదట పచ్చివాసన, తర్వాత రొట్టె కాలిన వాసన, ఆ తర్వాత చిటపటలు. దించి, చేటలో ఎగరేసి, చల్లార్చి, మర పట్టాను. ఫిల్టరులో మూడు చెంచాలు వేసి నీళ్లు పోశాను. చుక్క చుక్కా దిగుతున్నంతసేపు ఎల్లేశం బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. సదానందాన్ని పిలిపించాను. తన బర్రె పాలు తనే చెంబుతో తెచ్చాడు, తప్పు పాలదని నేను అనకుండా.

మూడు గ్లాసులు కలిపాను. ముందు నేను తాగాను. వేడిగా ఉంది. చేదుగా, తీపిగా, బాగుంది. నిన్న గ్యాసు మీద వేయించింది కూడా ఇలాగే బాగుంది. నాలుకను ఎంత వెతికినా తేడా దొరకలేదు. అందుకని సదానందం మొహంలో వెతికాను.

అతను ఒక గుక్క తాగి కళ్లు మూశాడు. తలాడించాడు. "మంచిగుంది సేటు" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. ఈసారి జాతరకు జనం ఎట్లా వస్తారో, గోదావరి ఒడ్డున దుకాణం పెట్టాలా వద్దా, ఢిల్లీలో బిల్లు పాసయితే చౌరస్తాలో ఎన్ని పటాకులు పేలతాయో చెప్పాడు. చెబుతూ చెబుతూ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పోయొస్త, గిరాకి టైము." దారి దాటుతూ వెనక్కి తిరిగి, "నిజంగ మంచిగుంది" అన్నాడు మళ్లీ.

గ్లాసులో సగం ఉంది.

ఎల్లేశం గ్లాసు ఖాళీ. అడుగున మిగిలిన నురగ కూడా వేలితో తీసుకున్నాడు.

"నువ్వు చెప్పు. అదేనా?" అన్నాను.

"కాదు."

"బొగ్గు అదే కదా?"

"అదే. కానీ ఎనిమిదేండ్లు గాలికున్నది. బొగ్గు పచ్చిదున్నప్పుడే పానం ఉంటది, గాలి తాకితె చస్తది. పైన పసుపు, సాంబ్రాణి." నవ్వబోయి మానుకున్నాడు. "నీ కాఫీల మా దేవుడున్నడు సేటు. బాయి లేదు."

"మరి పూర్తిగా ఎందుకు తాగావు?"

"సారవ్వ బొగ్గాయె. సగం ఎట్ల ఇడిసిపెడత?"

సదానందం జాతర దాకా ఆగకుండానే మిషను తెచ్చాడు. మంచిదే పెట్టాడు, తప్పు పట్టను. రాష్ట్రం వచ్చిన రోజు వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పోశాడు, నన్నూ పిలిచాడు. అప్పటికి నా మర ఉప్పూ కారం ఆడించే పూలమ్మ తీసుకుపోయింది. మిగిలిన ఐదు కిలోలవాళ్లకు ఇక పొడి అమ్మనని ముఖాముఖి చెప్పాను. నలుగురు అయ్యో అన్నారు, ఒకాయన ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

కానీ ఆ సోమవారం చేయవలసింది ఇంకొకటి ఉంది. పొయ్యి చల్లారాక చంద్రమతి చీపురు తెచ్చింది. వద్దని, నేనే చేత్తో బూడిద ఎత్తాను. తెల్లటిది, అక్కడక్కడా ఎర్రటిది, కాలని చిన్న రాళ్లు. పోయడానికి వేరే ఏదీ లేక కాఫీ కవరు తీశాను, నా పేరు అచ్చువేయించినది. అలవాటుగా తక్కెడలో పెట్టాను. అలవాటుగానే కవరు మడత మీద మడత వేసి దారం చుట్టాను.

సారవ్వ గడపలోనే అందుకుంది. చేతిలో ఎగరేసినట్టు బరువు చూసింది.

"గింతేనా?"

"నాలుగు వందల పది గ్రాములు" అన్నాను.

"తూకం అడగలే సేటు" అంది.

పొట్లం తీసుకెళ్లి గూట్లో, పెళ్ల ఉన్న చోటే నిలబెట్టింది. కుంకుమ భరిణె తీసి, ఎక్కడ పెట్టాలా అని ఒకసారి చూసి, నా పేరు మీద బొట్టు పెట్టింది.